నడుము మీద నల్లపట్టీ

"చేతులు చూపించు" అన్నాడు ఆదిశేషు.

గార్డు రూములో నిలబడ్డ పోశయ్య రెండు చేతులూ చాపాడు. అరచేతులు నల్లగా ఉన్నాయి. వేళ్ల వెనకవైపు గానీ, మణికట్టు మీద గానీ, చొక్కా మీద గానీ ఒక్క చుక్క రంగు లేదు. ఆదిశేషు వంగి అతని పాదాలు, చెప్పులు కూడా చూశాడు. షార్జాలోని సజ్జా లేబర్ క్యాంపు దుమ్ము తప్ప ఇంకేమీ కనబడలేదు.

"ఇంకేం చూస్తరు సాబ్?" అన్నాడు వెనకనుంచి మౌలా సాహెబ్. కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్ ఆయన. హైదరాబాద్ పోలీసులో ఇన్‌స్పెక్టరుగా చేసి, అక్కడి ఉద్యోగం వదిలి వచ్చినవాడు. "నిన్న సాయంత్రం మా గార్డు హాల్లకు పోయేసరికి పటం ముందర వీడొక్కడే ఉన్నడు. పటానికి నల్లరంగు, వీని చేతులకు నల్లరంగు. కేసు ఖలాస్."

"మరి పోలీసులకు ఎందుకు అప్పజెప్పలేదు?"

"ఇయ్యాల సాయంత్రం పెద్దోళ్లు వస్తరు ప్రదర్శన చూడనీకి. అది అయిపోయినంక పిలవమని ముదీర్, అంటే మా డైరెక్టర్ సాబ్, హుకుం."

ఆదిశేషు తల ఊపాడు. ఒకప్పుడు రాజమండ్రి క్రైం బ్రాంచిలో పనిచేసిన ఆదిశేషు, ఇప్పుడు దుబాయ్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీ తరఫున దర్యాప్తులు చేస్తున్నాడు. ఆ ఉదయం అతన్ని షార్జా పంపడానికి కారణం తన కంపెనీ బీమా చేసిన ఒక పోస్టరు. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గోడౌన్లు కడుతున్న కంపెనీ ఒకటి, కూలీల భద్రత గురించి జపాను చిత్రకారుడు కుజుహారా చేత పెద్ద పోస్టరు గీయించింది. ఆయన నలభై ఏళ్లుగా వేసిన పోస్టర్లన్నీ తెప్పించి, వాటి మధ్య దాన్ని పెట్టి ప్రదర్శన ఏర్పాటు చేసింది. తెల్లారితే ప్రారంభం అనగా ఎవరో దాని మీద నల్లరంగు పూశారు.

"హాల్లోకి ఎందుకు వెళ్లావు పోశయ్యా?"

"ఫ్రేములు బిగించనీకి సారూ. నాది వడ్లపని."

"రంగు నువ్వే పూశావా?"

పోశయ్య నేలకేసి చూశాడు. "నేనే పూసిన్నని రాసుకోండ్రి."

"పూశావా అని అడిగాను. రాసుకోవడం సంగతి తర్వాత."

"ఏదైతేంది సారూ. రాసుకోండ్రి."

"దేంతో పూశావు?"

పోశయ్య తన అరచేతుల కేసి చూసుకున్నాడు. "గుడ్డతోని."

"ఏదీ ఆ గుడ్డ?"

మౌలా సాహెబ్ విసుగ్గా కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "గుడ్డ ఎటుపోతే మనకేంది? కారణం నేను చెప్తా విను. ఆ పటంల ఉన్నోడు భోజన్న. వీని చెల్లె మొగుడు. పటం గీయించినంక వారానికే గోడౌన్ మీదికెల్లి పడి సచ్చిపోయిండు. ఆ మంట తీర్చుకున్నడు వీడు."

భోజన్న పేరు వినగానే ఆదిశేషు చేతిలో పెన్ను ఆగింది.

పోశయ్య మొదటిసారి తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. "మీకెరికే గద సారూ. భోజన్న పోయినంక మా రూముకు మీరే వచ్చిండ్రు. బెల్టు ఇచ్చిన్రా అని అడిగిండ్రు. ఎన్నడు ఇయ్యలేదని చెప్పిన. గప్పుడు మీరు ఒక ఫోటో చూపెట్టిండ్రు. ఇదేంది మరి అన్నరు. నాకు ఏం చెప్పాల్నో తోచలే."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఆదిశేషుకు కొంత తేలికగా ఉండేది. ఆ గది గుర్తొచ్చింది. మంచాల మీద కూర్చున్న మనుషులు గుర్తొచ్చారు. ఈ మనిషి ముఖం మాత్రం గుర్తు రాలేదు. తాను ప్రశ్న అడిగి, అబద్ధమని తేల్చేసి, రిపోర్టు రాసిన మనిషి ముఖమది. బెల్టు ఇచ్చినా కట్టుకోలేదు, మృతుడి అజాగ్రత్తే కారణం అని రాసి సంతకం పెట్టాడు. భోజన్న నడుముకు బెల్టుతో నవ్వుతున్న ఫోటో ఒక్కటే దానికి ఆధారం.

"మా చెల్లె కొమురవ్వకు గదే తెలిపిన్రు" అన్నాడు పోశయ్య. "నీ మొగుడు సోయి లేక సచ్చిండని. తాగి ఎక్కిండేమో అంటున్నరట ఊళ్లె. భోజన్న కల్లు గూడ ముట్టడు సారూ."

ఆదిశేషు నోట్‌బుక్ మూసి లేచాడు. "హాలు చూద్దాం పదండి" అన్నాడు మౌలా సాహెబ్‌తో. పోశయ్య వైపు చూడకుండానే బయటికి నడిచాడు.

హాలు తలుపు దగ్గర కుజుహారా నిలబడి ఉన్నాడు. అరవై దాటిన సన్నటి మనిషి. తెల్లచొక్కా, మెడ దాకా గుండీలు. వీళ్లను చూసి నడుము వంచి నమస్కరించాడు. కుడిచేయి మాత్రం ప్యాంటు జేబులోంచి తీయలేదు. ఇంతకుముందు ఒకరిద్దరు జపాను ఇంజనీర్లను చూశాడు ఆదిశేషు. వాళ్లు వంగేటప్పుడు రెండు చేతులూ తొడలకు ఆనించి వంగడం అతనికి తెలుసు. చూసి ఊరుకున్నాడు.

గోడల పొడుగునా పోస్టర్లు వరసగా ఉన్నాయి. యుద్ధం ముగిశాక ఒసాకాలో ఒక సినిమాహాలు కోసం వేసిన మొదటి పోస్టరులో ఖాళీ కుర్చీ, దాని మీద టోపీ. ఒక స్టీమరు కంపెనీకి మూడే మూడు నీలం గీతల్లో సముద్రం. తర్వాతది అగ్గిపెట్టెల కంపెనీది, నల్ల కాగితం మీద ఎర్రటి బొట్టు. ఫ్యాక్టరీ విషం కలిసిన సముద్రం గురించి వేసినదాంట్లో ఒక చేప ఉంది. దాని కన్ను ఉండాల్సిన చోట ఇనుప బోల్టు ఉంది. ఆదిశేషు దాని ముందు కాసేపు ఆగాడు. బొమ్మల గురించి అతనికి పెద్దగా తెలియదు. అయినా వెంటనే ముందుకు నడవబుద్ధి కాలేదు.

హాలు చివర కొత్త పోస్టరు. మనిషికి ఒకటిన్నర ఎత్తు. పచ్చ హెల్మెట్ పెట్టుకుని భోజన్న నవ్వుతున్నాడు. బొటనవేలు నడుము బెల్టులో దూర్చి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. కింద నాలుగు భాషల్లో ఒకే మాట. తెలుగులో కూడా ఉంది: 'ఇక్కడ ప్రాణం పదిలం.'

బెల్టు ఉండాల్సిన చోట నల్లటి పట్టీ ఉంది.

"చూడు, ఎట్ల నాశనం చేసిండో" అన్నాడు మౌలా సాహెబ్.

ఆదిశేషు దగ్గరికి వెళ్లి ముఖం దాదాపు కాగితానికి ఆనేలా వంగాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని నేల చూశాడు. ఫ్రేము కింద రంగు కారిన మరక లేదు. పోస్టరుకు కొంచెం ఎడంగా మాత్రం, ఎవరో నేల మీద చేయి ఆనించినట్టు ఒక నల్లటి ముద్ర ఉంది.

"మౌలా సాహెబ్, మీకు ఒక మనిషి మీద పీకల దాకా కోపం వచ్చింది. అతని బొమ్మ మీ ముందుంది. ముందు ఎక్కడ పూస్తారు?"

"మొకం మీద."

"ముఖం మీద చుక్క పడలేదు. కంపెనీ మీద కోపమైతే కంపెనీ పేరు చెరుపుతారు. అదీ చెక్కుచెదరలేదు. ఈ బొటనవేలు చూడండి. బెల్టులో దూరి ఉంది. రంగు దాని చుట్టూ తిరిగి వెళ్లింది. గోరు అంచు కూడా తాకలేదు. దీన్ని గుడ్డతో పూశాడా పోశయ్య?"

"అయితే?"

"కోపంతో చేసినవాడు గోరును కాపాడడు. ఇది సన్నని బ్రష్షుతో, తీరిగ్గా, చేయి వణక్కుండా చేసిన పని. చెరిపినవాడు మనిషిని చెరపలేదు. బెల్టు ఒక్కటే చెరిపాడు."

మౌలా సాహెబ్ ముఖం బిగుసుకుంది. "ఆదిశేషు సాబ్, ఒక్క మాట అడుగుత. ఆ బెల్టు ఇచ్చిండ్రని రాసింది ఎవరు? నువ్వే. నీ సంతకమే. అప్పుడు పోశయ్య అబద్ధాలకోరు. ఇప్పుడు అతని మీద జాలి వచ్చిందా? పటం ఎవరు చెడగొట్టిండ్రో చెప్పుడు నీ పని. చెప్పి పో. బెల్టు సంగతి తవ్వితే ముందుగాల నీ కాలి కిందనే గుంత పడుతది."

జవాబు కోసం ఆదిశేషు నోరు తెరిచాడు. మూశాడు. క్రైం బ్రాంచిలో ఉన్నప్పుడు ఎంతోమంది నేరస్తులు తన ముందు ఇలాగే నోరు తెరిచి మూయడం చూశాడు. అప్పుడు అతనికి నవ్వొచ్చేది.

కుజుహారా వైపు తిరిగాడు. వాళ్లు మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. కుజుహారా ఒక్కో మాటా కూడగట్టుకుని మాట్లాడుతున్నాడు.

"నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?"

"హోటల్లో."

"ఈ హాల్లో ఇన్ని పోస్టర్లున్నాయి. అలలున్నాయి, చేపలున్నాయి, చేతులున్నాయి. ఒక్కదాంట్లోనూ మనిషి ముఖం లేదు. ఈ చివరిదాంట్లో తప్ప. ఎందుకని?"

కుజుహారా కనురెప్పలు వాలాయి. "ముఖాలు గీయడం మానేశాను."

"ఎప్పుడు?"

"యుద్ధం అయిపోయాక."

"అంటే అంతకుముందు గీసేవారు. ఆ పోస్టర్లు ఇక్కడ ఒక్కటీ పెట్టలేదు."

"అవి ఎక్కడా పెట్టను." ముసలాయన భోజన్న నవ్వు ముఖం వైపు తిరిగాడు. "నాకప్పుడు ఇరవై రెండేళ్లు. సైన్యం కోసం పోస్టర్లు గీసేవాణ్ణి. విమానం పక్కన కుర్రవాడు. నవ్వుతూ ఉంటాడు. అందరూ బాగుందన్నారు. రైల్వేస్టేషన్లన్నిటా అంటించారు. మా తమ్ముడు అది చూసి, పేరు రాయించుకుని వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆ బొమ్మకు నమూనాగా నిలబెట్టింది మా తమ్ముణ్ణే. వాడి ముఖం చూసి వాడే వెళ్లిపోయాడు."

మౌలా సాహెబ్ కూడా అటే చూస్తున్నాడు.

"మరి మళ్లీ ముఖం ఎందుకు గీశారు?"

"ఇది చంపే పోస్టరు కాదు, ప్రాణం కాపాడే పోస్టరు అన్నారు కంపెనీ డైరెక్టరు. ముసలితనంలో ఒక్క ముఖం గీసి పాతదాన్ని కడుక్కుందాం అనుకున్నాను."

ఆదిశేషు గొంతు తగ్గించాడు. "కుజుహారా గారూ, మీ కుడిచేయి జేబులోంచి తీయండి."

ముసలాయన వెంటనే తీయలేదు. తీసినప్పుడు మాత్రం దాచుకోలేదు. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద నలుపు. ఎంత రుద్ది కడిగాడో గానీ చర్మం ఎర్రగా కందిపోయి ఉంది.

"నేనే" అన్నాడు. "నిన్న ఆ వడ్రంగి ఫ్రేము బిగిస్తూ బొమ్మ ముఖం మీద చేయి పెట్టి ఏడ్చాడు. ఎందుకని అడిగాను. మా ఇద్దరికీ తెలిసిన భాష ఒక్కటీ లేదు. చేయి పైకెత్తి కిందికి పడేసి చూపించాడు. తర్వాత బెల్టు మీద వేలు పెట్టి, లేదు లేదు అని తలాడించాడు. అప్పటిదాకా ఆ మనిషి చనిపోయాడని నాకెవరూ చెప్పలేదు. వడ్రంగి అవతలి గోడ దగ్గర పనికి వెళ్లాక బ్రష్షు తీసుకున్నాను. అబద్ధం ఉన్నంత మేరా పూశాను. పూశాక అక్కడే నేల మీద కూలిపోయాను. అతనే వచ్చి రెండు చేతులతో నా కుడిచేయి పట్టుకుని లేపాడు. వెనక తలుపు దాకా నడిపించాడు."

"అతన్ని పట్టుకున్నారని మీకు తెలియదా?"

"రాత్రే తెలిసింది." ఆయన గొంతు దాదాపు వినబడలేదు. "తెలిసి కూడా హోటల్లో కూర్చున్నాను. నలభై ఏళ్ల పేరు గుర్తొచ్చింది. తెల్లారాక చెబుదాం అనుకున్నాను. తెల్లారాక మీరు వచ్చాక చెబుదాం అనుకున్నాను. మీరు వచ్చాక హోటల్లో ఉన్నానన్నాను."

ఆదిశేషు గార్డుతో పోశయ్యను పిలిపించాడు. పోశయ్య హాల్లో అడుగుపెట్టగానే కుజుహారా ఎదురెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, నుదురు నేలకు ఆనించాడు. పోశయ్య గాబరాపడి వెనక్కి జరిగాడు. మళ్లీ వచ్చి ఆయన భుజాలు పట్టుకుని లేపబోయాడు.

"వద్దు వద్దు, లేవుండ్రి. సారూ, మీరన్న చెప్పుండ్రి గాయనకు."

"నువ్వెందుకు చెప్పలేదు పోశయ్యా? రాత్రంతా గార్డు రూములో ఎందుకున్నావు?"

"ఎట్ల చెప్పాలె సారూ. పెద్దమనిషి. బొమ్మ ముందర కూలవడి ఏడ్సిండు. భోజన్న కోసం ఈ దేశంల ఏడ్సిన పరాయోడు గాయనొక్కడే."

ఆదిశేషు తల పక్కకు తిప్పుకున్నాడు. మౌలా సాహెబ్ గొంతు సవరించుకుని, "సరే, పటం గీసినోడే చెడగొట్టుకున్నడు. ఆయన ఇష్టం. పోశయ్యను వదిలేస్త. మాలేష్, పోనీయ్. కేసు లేదు ఇంక" అన్నాడు. వెళ్లిపోవడానికి తిరిగాడు.

"ఆగండి" అన్నాడు కుజుహారా ఇంగ్లీషులో. తెలుగు అర్థం కాకపోయినా ఆ మనిషి వెళ్లిపోతున్నాడని అర్థమైంది. చొక్కా జేబులోంచి కొన్ని ఫోటోలు తీసి ఆదిశేషుకు ఇచ్చాడు. "ఆ రోజు నేను తీసినవి. డైరెక్టరు ఒక్కటే అడిగి తీసుకున్నాడు. మిగిలినవి నా దగ్గరే ఉండిపోయాయి. ఈ వడ్రంగి చెప్పేదాకా వాటిలో ఏముందో నాకూ అర్థం కాలేదు."

మొదటిది ఆదిశేషుకు బాగా తెలిసిన ఫోటో. నవ్వుతున్న భోజన్న, నడుముకు బెల్టు. తాను పోశయ్యకు చూపించినది, ఫైలుకు కుట్టినది. రెండోదాంట్లో ఎవరో భోజన్న నడుము దగ్గర వంగి బకిల్ విప్పుతున్నారు. మూడోదాంట్లో ఆ బెల్టు ఒక కారు డిక్కీలో, అలాంటివే మరికొన్ని బెల్టుల మీద పడి ఉంది. చివరిదాంట్లో భోజన్న వట్టి నడుముతో ఇనుప దూలం ఎక్కుతున్నాడు. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఫోటో తీయించుకున్న సంబరం అది.

ఆదిశేషు రెండో ఫోటో మళ్లీ పైకి తీశాడు. బకిల్ విప్పుతున్న మనిషి ముఖం కెమెరా వైపే ఉంది.

"మౌలా సాహెబ్" అన్నాడు. "ఒకసారి ఇది చూడండి."

మౌలా సాహెబ్ చూశాడు. ఫోటో తీసుకోవడానికి చేయి చాపి, చాపిన చేయి అలాగే దించేశాడు. పోస్టరు పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. యూనిఫాం టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"విప్పేటప్పుడు భోజన్న అడిగిండు" అన్నాడు. "ఇది నాకు ఇయ్యరా సాబ్, బాగుంది అన్నడు. ఇంకో సైట్ల పని ఉంది దీంతో అన్న. నవ్విండు." పోశయ్య వైపు చూడలేకపోయాడు. "మొత్తం ఎనిమిదే ఉన్నయి బెల్టులు. ఎవరన్న చూడనీకి వస్తున్నరంటే నా కార్ల పోతయి. వాళ్లు పోయినంక నా కార్లనే వాపస్ వస్తయి. నేను ఇన్‌స్పెక్టర్‌గా చేసినోణ్ణి. ఇక్కడ బెల్టులు మోసుడు నా నౌకరీ."

"నేను ఆ ఒక్క ఫోటో చూసి రాశాను" అన్నాడు ఆదిశేషు. "ఇంకో ఫోటో ఉందా అని అడగలేదు. తీసిందెవరని కూడా అడగలేదు. మీరు బెల్టు మోశారు, నేను సంతకం మోశాను."

మౌలా సాహెబ్ చటుక్కున తలెత్తాడు. "ఆదిశేషు సాబ్. ఇయ్యాల బెల్టులు నా కార్ల లేవు."

"ఎక్కడున్నాయి?"

"జెబెల్ అలీల. సాయంత్రం ఈ ప్రదర్శనకు వచ్చేటోళ్లు పొద్దుగాల సైటు చూడనీకి పోయిండ్రు. పైకప్పు మీద మనుషులను చూపెట్టాలె కదా. బెల్టులు వేరే డ్రైవర్‌తోని పంపిన. వాళ్లు పోంగనె బెల్టులు వాపస్ తెమ్మని చెప్పిన. మనుషులు మాత్రం పైననే ఉంటరు. బయట గాలి ఎట్ల కొడుతున్నదో చూసినవా?"

ఆఫీసు గదిలో ఫోన్ ఉంది. నలుగురూ అక్కడికి నడిచారు. మౌలా సాహెబ్ చెప్పిన నంబరు ఆదిశేషు తిప్పాడు. అవతల ఎత్తింది సైటు ఫోర్‌మన్ పర్శరాములు.

"సైటు చూడటానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయారా?"

"ఇప్పుడే పోయిన్రు సారూ. డ్రైవర్ బెల్టులు ఎక్కించుకుంటుండు."

"పైన ఎంతమంది ఉన్నారు?"

"ఆరుగురు."

"అందర్నీ కిందికి దించు."

"మీరెవరు సారూ? ఎవరి ఆర్డర్?"

ఆదిశేషు మాట మీద అక్కడ ఒక్క మేకు కూడా కదలదు. రిసీవరు మౌలా సాహెబ్ వైపు చాపాడు. మౌలా సాహెబ్ దాన్ని చూస్తూ ఉండిపోయాడు. నౌకరీ పోతుందని ఆ గదిలో అందరికీ తెలుసు. పోశయ్య గోడకు ఆనుకుని నిలబడి, ఏమీ అడగకుండా ఆయననే చూస్తున్నాడు.

మౌలా సాహెబ్ రిసీవరు తీసుకున్నాడు. "పర్శరాములూ, నేను మౌలాను. యల్లా, సబ్ కో నీచే ఉతారో. బెల్టు లేకుంట ఎవ్వడు ఎక్కద్దు. అవును, నా ఆర్డరే. నేను లైన్ల ఉంట."

అవతలినుంచి కేకలు వినబడ్డాయి. ఎవరో ఇనుప రేకు మీద కర్రతో కొడుతున్నారు. పోశయ్య పెదాలు కదుపుతూ ఏదో మొక్కుకున్నాడు. చాలాసేపు గాలి హోరు తప్ప ఇంకేమీ లేదు.

"దిగిన్రు సాబ్" అన్నాడు పర్శరాములు చివరికి. "ఆశన్న ఒక్కడు పైన భయపడి కూసున్నడు. ఆయన గూడ దిగిండు." తర్వాత గొంతు తగ్గించాడు. "ముదీర్ కారు ఇటే మళ్లింది సాబ్. పని ఎందుకు ఆగిందని అడుగుతుండు. ఇగో, ఫోన్ గుంజుకుంటుండు."

మౌలా సాహెబ్ రిసీవరు చెవి నుంచి దూరంగా జరిపాడు. ఆదిశేషు దాన్ని అందుకున్నాడు.

"ఎవరది?" అన్నాడు ముదీర్ ఇంగ్లీషులో. "నా సైటు ఆపిందెవరు?"

"నా పేరు ఆదిశేషు. భోజన్నకు బెల్టు ఇచ్చారని రిపోర్టు రాసింది నేనే. అది తప్పుడు రిపోర్టు. మళ్లీ రాయడానికి వస్తున్నాను. మీ సైటు ఫోటోలన్నీ నా చేతిలో ఉన్నాయి."

తర్వాత వచ్చిన గొంతు మర్యాదగా, మెత్తగా ఉంది.

"రండి మిస్టర్ ఆదిశేషు. మీరు వచ్చేలోగా మీ మేనేజరుతో మాట్లాడతాను. మీ పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే ఉంటుంది కదా? ఆ ఫోటోలు తీసిన ముసలాయన పాస్‌పోర్టు మాత్రం ఈ ఉదయమే హోటలు నుంచి తెప్పించాను. నా జేబులోనే ఉంది."